వాల్‌పేపర్ ఊడదీయించే ముందు ఒక్క అడుగు గోడ చూడండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నెల్లూరు వేదాయపాళెంలో మూడో అంతస్తు ఫ్లాటు, 2008లో కట్టిన బిల్డింగు. పడకగదిలో రెండు గోడలకి ఆయిల్ పెయింట్ మీదే 2016లో వినైల్ వాల్‌పేపర్ వేయించారు. ఇప్పుడు పడమటి గోడ మీద అతుకులు లేచాయి, ఏసీ కింద బుడగలు కట్టాయి, దగ్గరికి వెళ్తే ముక్కిన వాసన వస్తోంది. కార్తీకంలో అమ్మాయి పురిటికి వస్తుంది, ఆలోపు పేపర్ తీయించి రంగు వేయించాలి. ముగ్గురిని అడిగితే మూడు రకాలుగా చెప్పారు. మొదటతను "తీయడం ఎందుకు మేడం, దాని మీదే లప్పం కొట్టి రంగేస్తే సరిపోద్ది" అన్నాడు. రెండో అతను గోడ చూడకుండా ఫోన్లోనే గుత్తకి ఒక మొత్తం చెప్పేశాడు. మూడో అతను అందరికంటే ఎక్కువ అడిగాడు, పైగా "గోడకి అవతల ఏముంది, పైన ఎవరున్నారు" అని ప్రశ్నలు వేసి మిమ్మల్ని విసిగించాడు.

నన్నడిగితే ఆ విసిగించినతన్నే పిలవండి. రేటు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

నేను ఒంగోలులో లప్పం కలిపే కుర్రాడిగా మొదలుపెట్టి, ఇప్పుడు నెల్లూరులో ఆరుగురు మనుషులతో పెయింటింగ్ పనులు చేయిస్తున్నాను. ఒక సంగతి ముందే చెప్తాను. మన ఊళ్లలో వాల్‌పేపర్ తీయడమే పనిగా పెట్టుకున్నవాళ్లు నాకెక్కడా తగల్లేదు. అంటించే షాపువాళ్లు అంటించడానికే వస్తారు. తీయమంటే "కొత్తది మా దగ్గరే తీసుకుంటేనే" అంటారు. చివరికి ఆ పని మా పెయింటర్ల మీదే పడుతుంది. మాలో చాలామందికి అది గోళ్లతో పీకే పని అనే అభిప్రాయం. అందుకే మీకు మూడు రకాల మాటలు వినిపించాయి.

పేపర్ మీదే లప్పం అన్న ఆలోచన వదిలేయండి. లప్పంలో ఉన్న నీళ్లు అతుకుల్లోంచి లోపలికి దిగి పాత జిగురుని నానబెడతాయి. వినైల్ పైపొర ప్లాస్టిక్, దాన్ని లప్పం గట్టిగా పట్టుకోదు. వారం, పది రోజులు గోడ అద్దంలా ఉంటుంది. తర్వాత పేపర్ అతుకు ఉన్న ప్రతిచోటా నిలువుగా గీత కనిపిస్తుంది, ఆ గీత దగ్గరే పెచ్చు లేస్తుంది. అద్దె ఇంట్లో ఉంటూ ఆరు నెలల్లో ఖాళీ చేసేవాళ్లయితే అదొక మాట. సొంత ఇల్లు, పైగా పసిబిడ్డ పడుకోబోయే గది, ముక్కిన వాసన వస్తున్న గోడ. దాన్ని లోపల పెట్టి మూసేయడం బాగుండదు.

ఫోన్లో గుత్త చెప్పినతని మీద నాకు కోపం లేదు. ఆ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట కావలిలో ఒక ఇంటివాళ్లు ఫోన్ చేసి "ఒక హాలు, ఒక గది, పేపర్ తీసి రంగేయాలి" అన్నారు. మూడు రోజుల పని అనుకుని గుత్త చెప్పేశాను. వెళ్లి చూస్తే ఒక పేపర్ మీద ఇంకో పేపర్ ఉంది. కిందది గంజి జిగురు కాదు, ఫెవికాల్ దట్టంగా పూసి అంటించారు. దాని కింద చాక్‌పౌడర్ కలిపిన చవక లప్పం. నీళ్లు కొడితే పేపర్ కంటే ముందు లప్పం నానుతోంది, బ్లేడు పెడితే సిమెంటు ప్లాస్టరింగ్ దాకా ఊడి వస్తోంది. మూడు రోజుల పని తొమ్మిది రోజులైంది. చేతి డబ్బు పోయింది సరే, ఆ ఇంటివాళ్లకి నేను గోడ పాడుచేశాననే అనుమానం మిగిలిపోయింది. ఆ రోజు నుంచి ఒక్క అడుగు ఊడదీసి చూడకుండా రేటు చెప్పడం మానేశాను.

మీరు కూడా అదే అడగండి. "రేటు చెప్పే ముందు ఒక చదరపు అడుగు తీసి చూపించు, దానికి వేరే డబ్బులిస్తాను" అనండి. ఒక చోట సరిపోదు, రెండు చోట్ల తీయించాలి. ఒకటి ఏసీ కింద, బాగా చెడిపోయిన చోట. రెండోది తలుపు వెనక, పేపర్ బాగున్న చోట. గంట పని. దానికి ఒప్పుకోని మనిషికి పని ఇవ్వకపోయినా నష్టం లేదు.

ఆ అడుగు ముక్కలో ఏం చూడాలో మీకూ తెలిసి ఉంటే మంచిది. ముందు పొడిగానే ఒక మూల పట్టుకుని, పేపర్‌ని దాని మీదకే మడిచినట్టుగా, గోడకి ఆనించి మెల్లగా లాగాలి. ఎదురుగా, మన వైపుకి గుంజకూడదు, అలా గుంజితేనే లప్పం పెచ్చులొస్తాయి. మొత్తం ఒకే ముక్కగా గుడ్డలా వచ్చేస్తే అది నాన్‌వోవెన్ (నేయని గుడ్డలాంటి) రకం, మీ అదృష్టం. పై ప్లాస్టిక్ పొర మాత్రం వచ్చి కింద తెల్లని పల్చటి కాగితం గోడకే ఉండిపోతే అది మామూలు వినైల్. ఈ రకంలో అలా రావడం మంచిదే, ఎందుకంటే ఆ కాగితం నీళ్లు తాగుతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపి, మొక్కలకి కొట్టే స్ప్రేయర్‌తో కొట్టి, పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే వెడల్పాటి బ్లేడుతో పొరలా వచ్చేస్తుంది. ఆ పావుగంట ఆగే ఓపిక ఉందా లేదా అన్నదే పని తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా. తెలియనివాడు నీళ్లు కొట్టిన మరుక్షణం గీకడం మొదలుపెడతాడు. రెండుసార్లు తడిపి ఆగినా కాగితం కదలకుండా, గీకితే తెల్లగా రబ్బరులా జిగురు తేలితే అది ఫెవికాల్ జాతి. పని రెట్టింపవుతుంది, దానికి ఎక్కువ అడిగితే అది న్యాయమే.

మీ ఇంట్లో ఒక సుఖం ఉంది. పేపర్ కింద ఆయిల్ పెయింట్ ఉంది కాబట్టి నీళ్లు లప్పంలోకి దిగవు, తీయడం తేలిక. ఆ పెయింట్‌తోనే ఒక చిక్కు కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

అసలు సమస్య ఏసీ కింద ఉంది. ఆ గోడ బయటి గోడ అని, పడమర ముఖం అని రాశారు. మన నెల్లూరు గాలిలో తేమ ఎంతో మీకు చెప్పక్కర్లేదు, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి గడ్డ కడుతుంది. బయటి గోడలోకి వాన నీళ్లు సన్నటి బీటల్లోంచి దిగుతాయి, తేమగాలి కూడా చేరుతుంది. అది లోపలి వైపుకి వచ్చి ఆరిపోదామంటే వినైల్ పేపర్ ప్లాస్టిక్ తెరలా అడ్డం. మీరేమో లోపల రాత్రంతా ఏసీ పెట్టి ఆ గోడని చల్లబరుస్తారు. చల్లని గ్లాసు బయట నీటి చుక్కలు పట్టినట్టే, పేపర్ వెనక తేమ పడుతుంది. గంజి జిగురు, కాగితం, తేమ, చీకటి. బూజు పెరగడానికి ఇంకేం కావాలి? పేపర్ తీసినప్పుడు వెనక నల్లని, ఊదారంగు మచ్చలు కనిపిస్తే కంగారు పడకండి, సముద్రం వైపు ఊళ్లలో ఏసీ గదుల్లో ఇది మామూలే. అయితే ఆ మచ్చల మీద రంగేస్తే పోవు.

మూడో అతను అడిగిన "గోడకి అవతల ఏముంది" అన్న ప్రశ్న ఇందుకే. ఒంగోలులో ఒక డాబా ఇంట్లో నేనే గోడ తీసి, లప్పం పట్టి, రంగేసి చక్కగా అప్పగించాను. ఆ గోడ అవతల బాత్రూం ఉందని నాకు తెలుసు, అయినా చెమ్మ వస్తోందా అని అడగలేదు. కొన్ని నెలలకే మళ్లీ గోడ అడుగున తెల్లగా చవుడు పొంగింది. నిజానికి ఆ పేపర్‌ని మొదట వేయించిందే ఆ చెమ్మని దాచడానికట. ఆ ముక్క నాకు ముందు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీ గోడలో చెమ్మ ఎటు నుంచి వస్తోందో తేల్చడానికి చవకైన పరీక్ష ఒకటుంది. పేపర్ తీసిన ఆ అడుగులో ఆయిల్ పెయింట్‌ని కూడా కొంచెం గీకి, గోడ కనిపించే చోట ఒక పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించండి. ఒక రోజంతా వదిలేయండి. పాలిథిన్ లోపలి వైపు, అంటే గోడ వైపు చెమరిస్తే తేమ గోడలోంచే వస్తోంది. పై వైపు చెమరిస్తే అది గది గాలిలోని తేమ. పెయింట్ మీదే అంటిస్తే ఈ పరీక్ష అబద్ధం చెప్తుంది, పెయింటే ఆ తేమని ఆపేస్తుంది. ఆ ఒక్క రోజు ఏసీ వేయకండి. ఏసీ నీళ్ల పైపు గోడలోంచి పోతుంటే అది ఎక్కడైనా కారుతోందేమో కూడా చూడమనండి, కొన్ని ఇళ్లలో దొంగ అక్కడే దొరుకుతాడు.

గోడలోంచే తేమ వస్తుంటే ముందు బయట బీటలు పూడ్చాలి. ఫ్లాట్లలో బయటి గోడ అసోసియేషన్ లెక్కలోకి వస్తుంది, తాళ్ల మీద దిగి పనిచేసే మనుషులు కావాలి. కాబట్టి ఈ వారమే ఫోటోలు తీసి అసోసియేషన్‌కి పెట్టండి. బయట పూడ్చకుండా లోపల ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పూత పూసినా డబ్బు దండగ. ఇది నా వ్యాపారానికి కాస్త వ్యతిరేకమైన మాటే.

ఇక డబ్బుల సంగతి. పేపర్ తీసే పనిని రోజు కూలీకి మాట్లాడండి, లప్పం, రంగు పనిని చదరపు అడుగు లెక్కన మాట్లాడండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. తీసే పనిని గుత్తకి ఇస్తే నీళ్లు నాననివ్వరు, గీకి పారేస్తారు. మిగిలిన జిగురు కడగరు, ఎందుకంటే అది పైకి కనిపించదు. రంగు పనిని రోజు కూలీకి ఇస్తే అది పెళ్లి పనిలా సాగుతుంది. మీ పడమటి గోడ పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, అంటే 120 చదరపు అడుగులు. మామూలు జిగురైతే ఒక మేస్త్రి, ఒక హెల్పర్ కలిసి ఒక రోజులో తీసి కడిగేస్తారు. ఫెవికాల్ అయితే రెండు, మూడు రోజులు. దీన్ని బట్టి వాళ్లు చెప్పే మొత్తం సబబో కాదో మీరే లెక్క వేసుకోవచ్చు. 2016 నాటి బిల్లు దొరికితే అదీ తీయండి. మామూలు రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవు, అంటే దాదాపు 57 చదరపు అడుగులు. ఆ గోడకి మూడు రోల్స్ పట్టి ఉండాలి. రెండో గోడకీ ఇలాగే లెక్క వేసి, రెండూ కలిపినదానికంటే బిల్లులో ఎక్కువ ఉంటే ఎక్కడో డబుల్ పొర ఉందేమో అనుమానించండి. కొలత కూడా టేపు పట్టించి మీ ముందే వేయించండి, కిటికీ కొలత మినహాయించి లెక్క కట్టమనండి.

మాట్లాడుకున్నది వాట్సాప్‌లో రాసి పెట్టండి, వాళ్లు "సరే మేడం" అని పెడితే చాలు. అందులో తప్పకుండా ఉండాల్సినది ఒకటే: తీసేటప్పుడు లప్పం ఊడితే దాన్ని ఎవరు, ఏ రేటుకి పడతారు? గొడవలన్నీ అక్కడే వస్తాయి. జిగురు కడగడం, చెత్త కిందకి దించడం, మంచం, బీరువా జరపడం కూలీలోనే అని కూడా రాయండి. డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి. చివరి విడత రంగు ఆరి, ఒక వారం గడిచాక.

పని రోజు మీరు ఇంట్లో ఉండండి, లేదా సార్‌ని ఉండమనండి. నీళ్లు కొట్టే ముందు ఆ గది ఎంసీబీ (గదికి కరెంటు ఆపే స్విచ్) దించారా అన్నది మొదట చూడాలి. స్విచ్‌బోర్డుల ప్లేట్లు ఊడదీసి, లోపలికి నీళ్లు పోకుండా టేపు వేయాలి. బోర్డు చుట్టూ స్ప్రేయర్ వాడకూడదు, తడి స్పాంజితో అద్దాలి. తర్వాత అతని బ్లేడు చూడండి. కొత్త బ్లేడు మూలలు కత్తిలా ఉండి గోడని గీస్తాయి. నా సంచిలో చీమకుర్తి నల్లరాయి ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది, కొత్త బ్లేడు మూలలు దాని మీద నాలుగుసార్లు రుద్ది గుండ్రం చేశాకే గోడ మీద పెడతాను. మా కుర్రాళ్లు నవ్వుతారు. తర్వాత లప్పం గాట్లు పూడ్చేది వాళ్లే కాబట్టి ఇప్పుడు నవ్వడం తగ్గించారు.

కాగితమంతా వచ్చాక గోడ శుభ్రంగా కనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. అరచేయి తడిపి గోడ మీద రుద్దండి. జారుడుగా, గంజిలా తగిలితే జిగురు ఇంకా ఉన్నట్టే. మళ్లీ గోరువెచ్చని నీళ్లు, స్పాంజి. నీళ్లు మార్చుకుంటూ కడగాలి, ఒకే బకెట్టుతో గోడంతా తుడిస్తే జిగురుని ఇక్కడి నుంచి అక్కడికి పూసినట్టే. గంజి జాతి జిగురైతే ఇంకో చిట్కా ఉంది. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ నీళ్లలో కలిపి ఒక చుక్క వేస్తే జిగురు ఉన్నచోట నీలం, నలుపు కలిసిన రంగు వస్తుంది. జిగురు మిగిలిన గోడ మీద రంగేస్తే ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిస్తుంది.

బూజు మచ్చల్ని పొడిగా బ్రష్‌తో రుద్దనివ్వకండి, ఆ ధూళి గదంతా లేస్తుంది. తడిపి, మాస్కు పెట్టుకుని, కిటికీలు తీసి తుడవాలి. కొందరు పేపర్ నానడానికి నీళ్లలో వెనిగర్ కలుపుతారు, బూజుకి బ్లీచింగ్ వాడతారు. ఆ రెండూ ఒకే గోడ మీద కలవకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. పనివాళ్లకి ఈ మాట మీరే గట్టిగా చెప్పండి.

ఇప్పుడు ఆ ఆయిల్ పెయింట్ చిక్కు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ గోడది 2008 నాటి పెయింట్. అందులో సీసం ఉందనే అనుకుని పని చేయించడం క్షేమం. కొత్త రంగు పట్టాలంటే ఆయిల్ పెయింట్ మెరుపు పోయేలా ఎమరీ పేపర్ కొట్టాలి. పొడిగా, పైగా మిషన్ పెట్టి కొడితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. కడుపులో బిడ్డకీ, పాకే పిల్లలకీ సీసం చాలా చెడు చేస్తుంది. కాబట్టి నీళ్ల ఎమరీ తీసుకుని, గోడ తడుపుతూ తడి మీదే రుద్దమనండి. గది తలుపుకి ప్లాస్టిక్ షీటు కట్టి, కింద కూడా పరిచి, అయ్యాక చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో రెండుసార్లు తుడిపించండి. అమ్మాయి ఆ రోజుల్లో ఇంట్లో ఉండకూడదు. "ఏం కాదు మేడం, మేం రోజూ పీల్చేదే" అంటారు. వాళ్లకీ మంచిది కాదు, మాస్కులు మీరే కొనివ్వండి.

తర్వాతి పని మామూలుదే. గోడ పూర్తిగా ఆరాక గాట్లు పూడ్చడానికి లప్పం, మళ్లీ తడి ఎమరీ. ఆ పైన ప్రైమర్ మాత్రం నీళ్లది కాకుండా ఆయిల్ ప్రైమర్ వేయమనండి. నీళ్ల ప్రైమర్ మిగిలిన జిగురుని మళ్లీ తడిపి లేపుతుంది. ఆరని గోడ మీద ఆయిల్ ప్రైమర్ వేసినా బుడగలే, అందుకే పాలిథిన్ పరీక్ష ఇంకోసారి చేసి చూసుకోండి. ప్రైమర్ వాసన పోవడానికి కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచాలి.

ఇక రోజుల లెక్క. ఇప్పుడు శ్రావణంలో ఉన్నాం. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు తడిసిన గోడలు సంక్రాంతి దాటినా ఆరక నేను పనులు వాయిదా వేసుకున్నాను. దసరా దగ్గర పడితే పెయింటర్లు దొరకరు, దొరికినా రెండిళ్లు ఒకేసారి ఒప్పుకుని మీ ఇంట్లో సగం, పక్కింట్లో సగం చేస్తారు. అందుకని ఈ పది రోజుల్లో అడుగు ముక్క తీయించి చూడండి. బయటి బీటల పని ఉంటే అది ముందు, లేకపోతే వెంటనే పేపర్ తీయించండి. సెప్టెంబరు నెలాఖరుకి రంగు అయిపోవాలి. బయటి పని అప్పటికి కాకపోతే పేపర్ తీసి, బూజు కడిగి, ఆ గోడని వట్టిగా వదిలేయండి. పురుటి గదిలో గోడ అందంగా లేకపోయినా ఫరవాలేదు, పొడిగా ఉంటే చాలు. రంగు ఫిబ్రవరిలో వేయించుకోవచ్చు.

రెండో గోడ కూడా తీయించాలా అని చివర్లో అడిగారు. అది లోపలి గోడ, పేపర్ బాగానే ఉందన్నారు. బీరువా జరిపి దాని వెనక మూల వేళ్లతో తట్టి చూడండి. బోలుగా మోగకుండా, వాసన లేకుండా ఉంటే ఈ ఏడాదికి దాన్ని ముట్టుకోకండి.